రెండు నోడ్‌లు, ఒకే పెట్టె: ఫెయిలోవర్ క్లస్టర్ల కథ

ఇవాళ్టి టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, ల్యాప్‌టాప్‌లో వీఎంలు పెట్టి ఫెయిలోవర్ క్లస్టర్ ఎలా కట్టాలో చూపించు" అని. చూపిస్తాను, ఆ ల్యాబ్ వచ్చే ఎపిసోడ్‌లో ఉంటుంది. కానీ ఈ కథ చెప్పకుండా నేరుగా ల్యాబ్‌లోకి వెళ్తే, నేను చేసిన తప్పే మీరూ చేస్తారని నా భయం. అందుకే ఇవాళ కమాండ్లు లేవు, స్క్రీన్ షేరింగ్ లేదు. చరిత్ర మాత్రమే.

ముందు నా సంగతి చెప్తాను. బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మా టీమ్ ఒక క్లయింట్ గోడౌన్ సాఫ్ట్‌వేర్‌ని చూసుకునేది. డేటాబేస్ రెండు నోడ్‌ల క్లస్టర్ మీద ఉండేది. రెండూ వీఎంలే. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. ఆదివారం రాత్రి రెండున్నర దాటాక ఫోన్ మోగింది. గోడౌన్‌లో బిల్లు రావట్లేదు, లారీలు లోడ్ అయి గేటు దగ్గర నిలబడిపోయాయి. లాగిన్ అయి చూస్తే రెండు నోడ్‌లూ లేవు. మేనేజర్ గారు లైన్లోకి వచ్చి ఒకే మాట అడిగారు. "క్లస్టర్ ఉంది కదా?" "ఉంది సార్." "మరి?"

ఆ "మరి?"కి నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరికేసరికి తెల్లారింది. అదేంటో చివర్లో చెప్తాను, ఎందుకంటే అది అర్థం కావాలంటే మనం డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లి రావాలి.

మొదట అమెరికా. కోల్డ్ వార్ రోజులు. ఆకాశంలోంచి శత్రు విమానాలు వస్తే కనిపెట్టడానికి అమెరికా ఎయిర్‌ఫోర్స్ సేజ్ అనే వ్యవస్థ కట్టింది. 1958లో మొదటి కేంద్రం పని మొదలుపెట్టింది. అందులో కంప్యూటర్లు వాక్యూమ్ ట్యూబులతో నడిచేవి. ఒక్కో కేంద్రంలో వేలకొద్దీ ట్యూబులు. బల్బులాంటివే అవి, ఎప్పుడో అప్పుడు మాడిపోతాయి. మాడిపోయిన నిమిషంలోనే విమానం వస్తే? అందుకని ఒక్కో కేంద్రంలో ఒకే రకం కంప్యూటర్లు రెండు పెట్టారు. ఒకటి పనిలో ఉంటే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. తర్వాత 1960ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి కట్టిన సేబర్ టికెట్ రిజర్వేషన్ సిస్టమ్‌లోనూ ఇదే పద్ధతి. రెండు ఐబీఎం 7090 మెషిన్లు, ఒకటి పనికి, ఒకటి స్టాండ్‌బైకి.

ఐడియా సింపుల్. కానీ ఖర్చు చూడండి. కోట్ల రూపాయల మెషిన్ ఒకటి కొని, దాని పక్కన అలాంటిదే ఇంకోటి కొని, "ఎప్పుడైనా పనికొస్తుంది" అని పక్కన ఉంచుకోవాలి. మిలిటరీకి, పెద్ద ఎయిర్‌లైన్‌కి కుదురుతుంది. మిగతావాళ్లకి?

ఈ ప్రశ్న దగ్గర ఒకాయన ఆగారు. పేరు జిమ్మీ ట్రేబిగ్. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో మార్కెటింగ్ చేసేవారు. బ్యాంకులకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకి ఆగని కంప్యూటర్ కావాలని ఆయనకి కనిపించింది. 1974లో కాలిఫోర్నియాలో టాండెమ్ కంప్యూటర్స్ అనే కంపెనీ పెట్టారు. ఇద్దరు కలిసి తొక్కే సైకిల్‌ని టాండెమ్ అంటారు. మొదటి మెషిన్ 1976లో సిటీబ్యాంక్‌కి వెళ్లింది.

టాండెమ్‌లో కొత్తదనం ఏంటంటే రెండోది ఖాళీగా కూర్చోదు. ఒక మెషిన్‌లో కనీసం రెండు ప్రాసెసర్లు ఉంటాయి, అలా 16 దాకా. దేని మెమరీ దానిదే. అన్నీ రోజూ పని చేస్తాయి. ప్రతి ముఖ్యమైన ప్రోగ్రామ్‌కి ఇంకో ప్రాసెసర్‌లో ఒక జోడీ ఉంటుంది. అసలు ప్రోగ్రామ్ తను ఎక్కడిదాకా వచ్చిందో ఆ జోడీకి ఎప్పటికప్పుడు చెప్తూ ఉంటుంది. అసలుది పోతే జోడీ అక్కడి నుంచే అందుకుంటుంది. డిస్కులు జంటగా, ప్రాసెసర్లని కలిపే బస్సులు కూడా జంటగా.

మరి అసలుది పోయిందని జోడీకి ఎలా తెలుస్తుంది? ప్రతి ప్రాసెసర్ సెకనుకోసారి మిగతావాటికి "నేను బతికే ఉన్నా" అని ఒక మెసేజ్ పంపుతుంది. రెండు సెకన్లకోసారి మిగతావి చూసుకుంటాయి, అందరి నుంచీ వచ్చిందా అని. రాకపోతే వాడు పోయినట్టే. ఇవాళ మనం హార్ట్‌బీట్ అంటున్నామే, అదే ఇది. మీరు వచ్చేవారం ల్యాబ్‌లో హార్ట్‌బీట్ నెట్‌వర్క్ అని ఇంకో అడాప్టర్ పెడతారు చూడండి, దాని ముత్తాత టాండెమ్‌లో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మొత్తం సబ్జెక్ట్‌లో కష్టమైన ప్రశ్న ఇక్కడే ఉంది. మెసేజ్ రాలేదు సరే. అవతలివాడు పోయాడా, లేక మధ్యలో దారి తెగిందా? ఇవతల కూర్చున్నవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫోన్ స్విచ్ఛాఫ్ అని వస్తే మనిషికి ఏమైనా అయిందా, ఛార్జింగ్ అయిపోయిందా? మీకు తెలీదు.

పెళ్లింటి ఉదాహరణ చెప్తాను. పెళ్లి పనులు ఇద్దరు బాబాయిలకి అప్పజెప్పారు. "ఒకరికి కుదరకపోతే ఇంకొకరు చూసుకోండి" అన్నారు. ముందురోజు ఫోన్లు కలవలేదు. ఇతను అనుకున్నాడు, అన్నయ్య బిజీ అయ్యాడు, వంటవాళ్లకి నేనే చెప్పేద్దాం అని. అతనూ అదే అనుకున్నాడు. తెల్లారేసరికి రెండు వంట బ్యాచ్‌లు దిగాయి. వంటైతే మిగులుతుంది, పంచిపెట్టుకోవచ్చు. కానీ ఒకే డిస్క్ మీద రెండు డేటాబేస్ సర్వర్లు, ఎవరికి వారు "నేనే ఓనర్" అనుకుని రాస్తే? డేటా పాడైపోతుంది. సర్వర్ ఆగిపోవడం కంటే ఇది ఘోరం. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.

దీనికి చక్కటి జవాబు ఇచ్చినవాళ్లలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఒకటి. మనం డెక్ అంటాం. 1983లో వాళ్లు వాక్స్ క్లస్టర్ ప్రకటించారు. క్లస్టర్ అనే మాట కంప్యూటర్ గదుల్లో స్థిరపడింది దీంతోనే అనుకోవచ్చు. విడివిడిగా ఉండే వాక్స్ మెషిన్లు, డిస్క్ కంట్రోలర్లు అన్నీ స్టార్ కప్లర్ అనే ఒక పెట్టెకి కేబుల్స్‌తో కలుస్తాయి. మొత్తం 16 దాకా. డిస్కులు అందరివీ. ఒక మెషిన్ పోయినా డేటా ఎక్కడికీ పోదు, పక్క మెషిన్ నుంచి లాగిన్ అయి పని చేసుకోవచ్చు.

స్ప్లిట్ బ్రెయిన్‌కి వాళ్ల మందు ఓటు. ప్రతి మెషిన్‌కి ఓట్లు ఉంటాయి. సగానికి పైగా ఓట్లు కనిపిస్తేనే పని చెయ్. కనిపించకపోతే, నువ్వు బాగానే ఉన్నా సరే, ఆగిపో. దాన్నే కోరం అన్నారు. పంచాయతీ మీటింగ్‌కి కోరం ఉంటుంది కదా, అదే లెక్క. మరి మెషిన్లు రెండే ఉంటే? చెరో ఓటు. దారి తెగితే ఎవరికీ మెజారిటీ రాదు. అందుకని ఒక డిస్క్‌కి కూడా ఓటు ఇచ్చారు. దాన్ని ఎవరు అందుకుంటే వాళ్లది గెలుపు. నలభై ఏళ్ల తర్వాత కూడా రెండు నోడ్‌ల క్లస్టర్‌లో మూడో ఓటు కోసం మనం విట్‌నెస్ పెడుతున్నామంటే కారణం ఇదే.

ఇది మనకి దూరం కథ అనుకోకండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో రిజర్వేషన్ క్యూలో నిలబడ్డ పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉండే ఉంటారు. రైల్వేల కోసం క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ మొదట అమలైంది 1994లో సికింద్రాబాద్‌లోనే. అది నడిచింది డెక్ వాళ్ల వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్లస్టర్ల మీద. తర్వాత ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలన్నీ 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ ఊళ్లో కూర్చుని ఏ ఊరి నుంచైనా టికెట్ తీసుకోగలిగాం.

సరే. ఇంతవరకూ క్లస్టర్ అంటే పెద్ద కంపెనీల సొత్తు. చిన్నవాళ్ల దగ్గరికి వచ్చింది 1997లో. మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో క్లస్టర్ సర్వర్ ఇచ్చింది. దాని కోడ్ నేమ్ ఉల్ఫ్‌ప్యాక్, అంటే తోడేళ్ల గుంపు. రెండు నోడ్‌లు, మధ్యలో ఇద్దరికీ కలిసిన ఒక స్కజీ డిస్క్. ఒకరు డిస్క్‌ని రిజర్వ్ చేసుకుని పట్టుకుంటారు, మూడు సెకన్లకోసారి ఆ రిజర్వేషన్‌ని రెన్యూ చేస్తారు. అవతలివాడికి అనుమానం వస్తే ఆ రిజర్వేషన్ తెంచి పది సెకన్లు ఆగుతాడు. ఓనర్ బతికే ఉంటే ఆ పది సెకన్లలో మళ్లీ పట్టుకుంటాడు. లేకపోతే డిస్క్ కొత్తవాడిది. గుర్తుందా, చచ్చిపోయాడా దారి తెగిందా అన్న ప్రశ్న? దానికి వాళ్లు ఇచ్చిన జవాబు ఇది: అడగడం మానేసి, డిస్క్ దగ్గర తేల్చుకోండి.

లైనక్స్ వైపు కూడా అదే రోజుల్లో హార్ట్‌బీట్ అనే ప్రాజెక్ట్ మొదలైంది. ఇప్పుడు పేస్‌మేకర్, కోరోసింక్ వాడుతున్నాం. అక్కడ ఇంకా మొరటు పద్ధతి ఒకటుంది, పేరు స్టోనిథ్. అవతలి నోడ్ మీద అనుమానం వస్తే ముందు దాని కరెంటు తీసెయ్, తర్వాత పని అందుకో. చచ్చాడో లేదో తెలీనప్పుడు, చచ్చాడని ఖాయం చేసుకోవడం అన్నమాట. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ డేటాని కాపాడేది అదే.

కానీ 1997లో కూడా ఒక చిక్కుంది. ఆ షేర్డ్ డిస్క్ పెట్టె, ఆ కేబుల్స్, ఆ కార్డులు, అన్నీ కలిపి సర్టిఫై అయిన సెట్ కొనాలి. నేర్చుకుందామని ఎవరు కొంటారు? కంపెనీలో ఉన్న ఒక్క క్లస్టర్ మీద ప్రాక్టీస్ చేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? క్లస్టర్ చూసుకునే చాలామంది నిజమైన ఫెయిలోవర్ మొదటిసారి చూసేది నిజంగా సర్వర్ పోయిన రోజునే. ఫైర్ ఇంజన్ నడపడం మంటలు లేచాక నేర్చుకున్నట్టు.

ఇక్కడే వీఎంలు కథలోకి వస్తాయి. నిజానికి వీఎం, టాండెమ్ కంటే పాతది. 1967 జనవరిలోనే ఐబీఎం వాళ్ల కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-40 అనే సిస్టమ్ వాడకంలోకి వచ్చింది. ఒక మెయిన్‌ఫ్రేమ్‌ని 14 వర్చువల్ మెషిన్లుగా పంచింది. ప్రతి యూజర్‌కి మొత్తం మెషిన్ తనదే అన్నట్టు ఉండేది. తర్వాత సీపీ-67, 1972లో వీఎం/370. నాకు నచ్చిన విషయం ఏంటంటే, సిస్టమ్/370 కొత్త హార్డ్‌వేర్ చేతికి రాకముందే, సీపీ-67లో దాన్ని వర్చువల్‌గా తయారుచేసుకుని సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. అంటే లేని మెషిన్ మీద రిహార్సల్ చేయడం వీఎంలకి పుట్టుకతో వచ్చిన గుణం.

మన పీసీల ప్రాసెసర్లు మాత్రం దీనికి అనువుగా ఉండేవి కావు. కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు వీఎంలో నడిపితే తప్పుగా ప్రవర్తించేవి. 1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ, అలాంటి ఇన్‌స్ట్రక్షన్లని నడుస్తుండగానే మార్చి రాసే చిట్కాతో 1999లో వర్క్‌స్టేషన్ తెచ్చింది. 2001లో సర్వర్ల కోసం ఈఎస్ఎక్స్. 2003లో వీమోషన్, అంటే నడుస్తున్న వీఎంని ఆపకుండా ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి మార్చడం. 2005, 2006లో ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్ సపోర్ట్ వచ్చింది. 2007లో లైనక్స్ కెర్నెల్‌లో కేవీఎం కలిసింది.

ఇక క్లస్టర్ కట్టడానికి ఏం కావాలి? ఒక మంచి ల్యాప్‌టాప్. రెండు వీఎంలు నోడ్‌లు, మూడోది డొమైన్ కంట్రోలర్, దాన్లోనే ఐస్కజీ డిస్క్. విండోస్ సర్వర్ 2008లో పేరు ఫెయిలోవర్ క్లస్టరింగ్ అయింది, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే వ్యాలిడేషన్ విజర్డ్ వచ్చింది. 2012లో ఐస్కజీ టార్గెట్ విండోస్‌తోనే వచ్చేసింది. ఇంజినీరింగ్ సెకండియర్ కుర్రాడు హాస్టల్ గదిలో కూర్చుని నోడ్‌ని కావాలని ఆపేసి, ఏమవుతుందో చూడొచ్చు. పాడైతే స్నాప్‌షాట్. సేజ్ రోజుల్లో ఒక దేశం మిలిటరీ చేసిన పనిని ఇప్పుడు మీరు రాత్రి భోజనం చేశాక చేస్తున్నారు. నాకు తెలిసి వీఎంలు క్లస్టర్లకి చేసిన పెద్ద మేలు ఇదే, రిహార్సల్‌ని చౌక చేశాయి.

కానీ ఇందులోనే ఒక మోసం దాగుంది. వీఎంవేర్ వాళ్ల గైడ్‌లోనే ఈ ఏర్పాట్లకి పేర్లున్నాయి. రెండు నోడ్‌లూ ఒకే హోస్ట్ మీద ఉంటే క్లస్టర్ ఇన్ ఎ బాక్స్. వేర్వేరు హోస్ట్‌ల మీద ఉంటే క్లస్టర్ అక్రాస్ బాక్సెస్. మొదటిది ప్రాక్టీస్‌కి పనికొస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ క్రాష్ అయినా కాపాడుతుంది. హోస్ట్ పోతే మాత్రం కాపాడదు. ఇబ్బంది ఏంటంటే, లోపల కూర్చున్న క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌కి తను ఏ పెట్టెలో ఉందో తెలీదు. హార్ట్‌బీట్ వస్తోంది, ఓట్లు ఉన్నాయి, రెండు పచ్చ గుర్తులు. అంతా బాగుంది అంటుంది.

ఇప్పుడు నా రాత్రి దగ్గరికి వద్దాం. ఆ ముందురోజు, శనివారం, రెండో హోస్ట్‌లో మెమరీ మార్చాల్సి వచ్చింది. దాని మీద ఉన్న నోడ్‌ని, డిస్క్ ఫైళ్లతో సహా, మొదటి హోస్ట్ లోకల్ డిస్క్ మీదకి తరలించారు. మెమరీ మార్చడం అయిపోయింది, రెండో హోస్ట్ లేచింది. నోడ్‌ని మాత్రం వెనక్కి పంపలేదు. కన్సోల్‌లో రెండు పచ్చ గుర్తులు చూసి, పని అయిపోయిందని మెయిల్ పెట్టి ఇంటికెళ్లిపోయారు. ఆదివారం రాత్రి మొదటి హోస్ట్ మదర్‌బోర్డ్ పోయింది. రెండు నోడ్‌లూ దాంతోపాటే పోయాయి.

ఆ మెయిల్ పెట్టింది నేనే.

బోర్డు మార్చి అన్నీ లేపేసరికి ఐదు గంటలు పట్టింది. మేనేజర్ గారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. సోమవారం రిపోర్ట్‌లో కారణం దగ్గర "హార్డ్‌వేర్ ఫెయిల్యూర్" అని రాయబోయాను. ఒక సీనియర్ అన్న ఆపి, "హార్డ్‌వేర్ ఎప్పుడైనా పోతుంది తమ్ముడూ, అది కారణం కాదు. అది పోతుందనే కదా రెండు పెట్టుకున్నాం" అన్నారు.

ఆ మాట తర్వాత నేను చదివింది జిమ్ గ్రే రాసిన ఒక రిపోర్ట్. ఆయన టాండెమ్‌లో పనిచేశారు, తర్వాత మైక్రోసాఫ్ట్‌లో ఆ క్లస్టర్ సర్వర్ డిజైన్ పేపర్ రాసినవాళ్లలోనూ ఒకరు. 1998లో ట్యూరింగ్ అవార్డ్ అందుకున్నారు. 1985లో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి? టాండెమ్ కస్టమర్ల దగ్గర సిస్టమ్‌లు ఆగిన కేసులు తీసి లెక్కేశారు. హార్డ్‌వేర్ వాటా 18 శాతం. సాఫ్ట్‌వేర్ 25 శాతం. మనుషులు చేసే నిర్వహణ, కాన్ఫిగరేషన్, మెయింటెనెన్స్ పనుల వాటా 42 శాతం. అన్నీ జంటగా పెట్టుకున్న మెషిన్లలోనే ఇది. హార్డ్‌వేర్‌ని రెండు చేశాక మిగిలింది మనిషి. నా శనివారం మెయిల్‌కి కారణం ఆయన నేను పుట్టకముందే రాసిపెట్టారు.

ఇంత పెద్ద టీమ్‌లకి జరగదులే అనుకుంటే 2018 అక్టోబర్ 21 గుర్తు చేసుకోండి. గిట్‌హబ్‌లో మెయింటెనెన్స్ పనిలో ఈస్ట్ కోస్ట్ డేటా సెంటర్‌కి కనెక్షన్ 43 సెకన్లు తెగింది. ఆటోమేటిక్ ఫెయిలోవర్ తన పని తాను చేసి డేటాబేస్ బాధ్యతని వెస్ట్ కోస్ట్‌కి ఇచ్చింది. కనెక్షన్ వచ్చాక చూస్తే రెండు వైపులా అవతలివాళ్ల దగ్గర లేని రాతలు ఉన్నాయి. మన ఇద్దరు బాబాయిల కథే. డేటా పోకూడదని సైట్‌ని నెమ్మదిగా నడిపి సరిచేశారు. 43 సెకన్ల తెగుదలకి 24 గంటల 11 నిమిషాలు ఇబ్బంది. ఆ వివరాలన్నీ వాళ్లే దాచుకోకుండా రాశారు, అందుకే మనం నేర్చుకోగలుగుతున్నాం.

ఇప్పుడు ఈ కథంతా వరసగా చూడండి. సేజ్ వాళ్లు మెషిన్‌ని రెండు చేశారు. టాండెమ్ లోపలి భాగాలన్నీ జంటలు చేసింది. డెక్ ఎవరిది నిర్ణయమో ఓటుతో తేల్చింది. ఉల్ఫ్‌ప్యాక్ దాన్ని మామూలు సర్వర్లకి తెచ్చింది. వీఎంలు మన బల్లమీదకి తెచ్చాయి. ప్రతిసారీ వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటే. ఈ రెండింటికీ ఇంకా ఉమ్మడిగా ఉన్నది ఏది? ట్యూబులు వేరైతే బస్సు ఉమ్మడి. బస్సు వేరైతే డిస్క్ ఉమ్మడి. డిస్క్ జంట అయితే హోస్ట్ ఉమ్మడి. హోస్ట్‌లు వేరైతే స్విచ్ ఉమ్మడి, యూపీఎస్ ఉమ్మడి. అన్నీ వేరు చేశాక, రెండింటినీ చూసుకునే మనిషి ఉమ్మడి.

కాబట్టి వచ్చే ఎపిసోడ్‌లో ల్యాబ్ కట్టేటప్పుడు ఒక కాగితం పక్కన పెట్టుకోండి. రెండు నోడ్‌లకీ ఉమ్మడిగా ఉన్నవన్నీ రాయండి. మీ ల్యాప్‌టాప్ కూడా అందులో ఉంటుంది, ఫర్వాలేదు, అది ల్యాబే. కానీ రేపు ఉద్యోగంలో ఇదే కాగితం మళ్లీ రాయండి. రెండు నోడ్‌లూ ఒకే హోస్ట్ మీదకి వెళ్లకుండా యాంటీ అఫినిటీ రూల్ పెట్టండి. మెయింటెనెన్స్ అయ్యాక పచ్చ గుర్తులు చూసి వెళ్లిపోకండి. ఒక నోడ్‌ని నిజంగా ఆపి, పని అవతలికి వెళ్లిందో లేదో చూసి, తర్వాత మెయిల్ పెట్టండి.

నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఆ పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. ఆ శనివారం నేను మిగుల్చుకున్నది కూడా ఆ పది నిమిషాలే.

మీ జీవితంలో "మరి?" అని అడిగించుకున్న రోజు ఏదైనా ఉంటే కామెంట్లలో రాయండి. కంపెనీ పేర్లు వద్దు, జరిగింది చెప్పండి చాలు. వచ్చే ఎపిసోడ్‌లో మూడు వీఎంలతో కలుద్దాం.